ఇంట్లో పెద్దాళ్లకు షుగర్: కాపలా కాయకుండా కాచుకోవడం ఎలా

డెబ్బై అయిదేళ్ల నాయనకు షుగర్ 190 వస్తే ఇల్లంతా టెన్షన్ పడుతుంది. అదే నాయనకు ఒక పొద్దున 64 వస్తే "బాగా తగ్గిందే" అని సంతోషిస్తుంది. జరగాల్సింది దీనికి తలకిందులు. ఆ వయసులో 190 వల్ల ఆ పూటకు ముంచుకొచ్చేదేమీ ఉండదు. 64తో కళ్లు తిరిగి బాత్రూంలో పడితే తుంటి ఎముక విరుగుతుంది, మళ్లీ లేచి నడుస్తారన్న నమ్మకం ఉండదు. పెద్దాళ్ల షుగర్ గురించి ఏం చేయాలన్నా ముందు ఈ లెక్క బుర్రకెక్కాలి.

కర్నూలు, అనంతపురం, కడప వైపు ఇళ్లలో అమ్మానాయనలతో ఉంటున్నవాళ్లకూ, బెంగళూరులోనో హైదరాబాద్‌లోనో ఉద్యోగం చేస్తూ ఫోన్లో చూసుకుంటున్నవాళ్లకూ పనికొచ్చేలా ఇది రాస్తున్నాను. మందు ఎంత, ఎప్పుడు అన్నది డాక్టరే చెప్పాలి. ఇక్కడున్నదంతా ఇంట్లో మన చేతుల్లో ఉండే పని.

ముందు డాక్టరును రెండు ప్రశ్నలు అడగండి

మొదటిది: "మా అమ్మకు షుగర్ ఎంతలో ఉంటే చాలు?" అందరికీ ఒకే అంకె ఉండదు. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష ఉంది కదా, గట్టిగా తిరుగుతూ వేరే జబ్బులు పెద్దగా లేని పెద్దాళ్లకు అది 7, 7.5 లోపు ఉండాలంటారు. గుండె జబ్బు, కిడ్నీ సమస్య, మతిమరుపు, ఊరికే పడిపోవడం లాంటివి ఉన్నవాళ్లకు 8 దాకా ఉన్నా చాలంటారు. పక్కింటి నలభై ఏళ్లాయనకు 6.5 వచ్చిందని మీ జేజికి కూడా అంతే రావాలని పట్టుబట్టొద్దు.

రెండోది: "ఈ మందుల్లో షుగర్‌ను మరీ కిందికి దించేసేవి ఏవి?" గ్లిమెపిరైడ్, గ్లైక్లజైడ్, గ్లిబెన్‌క్లమైడ్, ఇన్సులిన్ ఆ పని చేయగలవు. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవాళ్లకు ఆ భయం చాలా తక్కువ. దించే మందుల పేర్ల పక్కన ఎర్ర పెన్నుతో గుర్తు పెట్టుకోండి. తినకుండా వేసుకుంటే ప్రమాదమయ్యేవి అవే.

మాత్రల సంచి చాప మీద కుమ్మరించండి

ప్రతి ఇంట్లో ఒక ప్లాస్టిక్ కవరు ఉంటుంది. అందులో పాత మందులూ కొత్త మందులూ, ఎవరో ఇచ్చిన నొప్పి మాత్రలూ కలిసిపోయి ఉంటాయి. దాన్నంతా బయటికి తీసి, ప్రతి అట్ట మీద పెద్ద అక్షరాల పేరు కింద చిన్న అక్షరాల్లో ఉండే అసలు మందు పేరు చదవండి. మొదటి డాక్టరు ఒక కంపెనీ పేరుతో, రెండో డాక్టరు ఇంకో కంపెనీ పేరుతో ఒకటే మందు రాసి ఉండొచ్చు. అమ్మ పాపం రెండూ వేసుకుంటూ ఉంటుంది. వేరువేరు ఆసుపత్రులకు తిరిగే పెద్దాళ్లలో ఇది తరచూ జరిగేదే. అనుమానం వస్తే మీరే ఆపేయొద్దు, అట్టలన్నీ డాక్టరు ముందు పెట్టండి.

తర్వాత వారం రోజుల గళ్లున్న మాత్రల డబ్బా ఒకటి కొనండి. చదువు రాని అమ్మకైతే పొద్దుటి గడి మీద సూర్యుడి బొమ్మ, రాత్రి గడి మీద చంద్రుడి బొమ్మ గీస్తే సరిపోతుంది. ఆదివారం డబ్బా నింపేటప్పుడు మిగిలిన మాత్రలు కనిపిస్తాయి. ఏ పూట మర్చిపోతున్నారో తిట్టకుండానే తెలిసిపోతుంది.

మోకాళ్ల నొప్పుల గురించి కూడా ఇక్కడే చెప్పాలి. మన ఊళ్లలో పెద్దాళ్లు షుగర్ కంటే ఎక్కువగా మూలిగేది మోకాళ్లకే. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే నొప్పి మాత్రలు, రోజూ వాడితే, షుగర్ వల్ల ముందే అలిసిపోయిన కిడ్నీలను ఇంకా దెబ్బతీస్తాయి. "సూదేస్తే నొప్పి మాయం" అనిపించే ఇంజెక్షన్ స్టెరాయిడ్ అయితే షుగర్ కొన్ని రోజులు 300 పైకి కూడా పోవచ్చు. ఉన్నట్టుండి షుగర్ ఎందుకు పెరిగిందో అర్థం కాకపోతే, "ఈ మధ్య ఎక్కడైనా సూది వేయించుకున్నావా నాయనా?" అని మెల్లగా అడగండి. సంతలో అమ్మే షుగర్ పొడుల సంగతీ అంతే. కాకరకాయ, మెంతులు కూరలో తింటే మంచిదే. సీసాలో వచ్చే పేరులేని పొడుల్లో మాత్రం ఇంగ్లీషు మందులే కలిపినవి దొరికిన సందర్భాలున్నాయి.

షుగర్ పడిపోతే ఏం చేయాలి

దీన్ని ఇంట్లో అందరూ నేర్చుకోవాలి, పదేళ్ల మనవడితో సహా.

70 కంటే తగ్గితే షుగర్ పడిపోయినట్టే. 54 లోపు అయితే మరీ ప్రమాదం. వయసులో ఉన్నవాళ్లకు చెమట, వణుకు, గుండెదడ, విపరీతమైన ఆకలి వస్తాయి కాబట్టి తెలుస్తుంది. పెద్దాళ్లలో ఈ గుర్తులు ఒక్కోసారి రానేరావు, బీపీకి వాడే కొన్ని మందులు కూడా వాటిని కప్పేస్తాయి. వాళ్లలో కనిపించేది వేరు: మాట తడబడటం, ఊరికే కోపం, పేర్లు కలగాపులగం చేయడం, మధ్యాహ్నం పూట మొద్దునిద్ర. "వయసైపోయింది, చాదస్తం" అని వదిలేసే లక్షణాలే ఇవన్నీ. మామూలుగా శాంతంగా ఉండే అమ్మ ఉన్నట్టుండి చిరాకు పడితే, పోట్లాడే ముందు వేలికి ఒక చుక్క రక్తం తీసి చూడండి.

మనిషి స్పృహలో ఉండి మింగగలిగితే, మూడు నాలుగు టీ చెంచాల చక్కెరో గ్లూకోజ్ పొడో నీళ్లలో కలిపి తాగించండి. పదిహేను నిమిషాలు ఆగి మళ్లీ చూడండి. ఇంకా 70 లోపే ఉంటే మళ్లీ అంతే ఇవ్వండి. కోలుకున్నాక ఒక ముద్ద అన్నమో రొట్టె ముక్కో తినిపించండి, లేదంటే గంటకు మళ్లీ పడిపోవచ్చు. వోగ్లిబోజ్, అకార్బోజ్ వాడేవాళ్లకు మాత్రం ఇంట్లోని చక్కెర త్వరగా పనిచేయదు, ఆ మందులు చక్కెర విడిపోవడాన్నే అడ్డుకుంటాయి. వాళ్లకు గ్లూకోజ్ పొడే కావాలి. అందుకే పడక పక్కన, పూజగదిలో, నాయన జేబులో ఒక్కో పొట్లం ఉంచడం మేలు. చాక్లెట్లు, లడ్డూలు దీనికి పనికిరావు. వాటిలోని కొవ్వు వల్ల చక్కెర మెల్లగా ఎక్కుతుంది.

స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయొద్దు. నీళ్లు కూడా వద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి. ఒకసారి కోలుకున్నా, గ్లిమెపిరైడ్ లాంటి మందుల పని చాలా గంటలు ఉంటుంది. కిడ్నీలు నెమ్మదించినవాళ్లలో ఇంకా ఎక్కువసేపు ఉంటుంది. కాబట్టి ఆ రాత్రి ఒంటరిగా వదలకండి, డాక్టరుకు మాత్రం తప్పకుండా చెప్పండి.

ఇంకో మాట. చెమటలు పడుతున్నాయి, ఆయాసం వస్తోంది, మిషన్‌లో షుగర్ చూస్తే బాగానే ఉంది అనుకోండి. అప్పుడు అది గుండెపోటు కావచ్చు. షుగర్ ఉన్నవాళ్లకు ఛాతీలో నొప్పి లేకుండానే గుండెపోటు రావచ్చు. అప్పుడు కూడా 108కే ఫోన్ చేయాలి.

సంగటి ముద్ద లెక్క

సీమలో షుగర్ వచ్చిందనగానే మొదట వినిపించే సలహా "అన్నం మానేసి సంగటి తిను". సంగటి మంచిదే, పీచుంది, కాల్షియం ఉంది. కానీ రాగిలో కూడా పిండిపదార్థమే ఎక్కువ, పైగా మన సంగటిలో బియ్యం కూడా పడుతుంది. అన్నం ఒక గిన్నె తినే మనిషి సంగటి అనగానే ధైర్యంగా రెండు పెద్ద ముద్దలు తింటే లాభం లేదు. ముద్ద చిన్నది చేయండి. పక్కన పప్పు, ఆకుకూర, గోరుచిక్కుడో వంకాయో ఎక్కువ పెట్టండి. రాగిజావ అయితే ఇంకా జాగ్రత్త, పలుచగా ఉంటుంది కాబట్టి త్వరగా రక్తంలోకి ఎక్కుతుంది. అందులో బెల్లం వేసి "బెల్లమే కదా" అనుకునేవాళ్లూ ఉన్నారు. షుగర్ దృష్టిలో బెల్లం, తేనె, చక్కెర మూడూ ఒకటే.

జొన్నరొట్టె రెండు, పక్కన నిండుగా కూర ఉంటే రాత్రి భోజనానికి అంతకన్నా ఏం కావాలి. పళ్లు లేనివాళ్లకు రొట్టెను పప్పులో నానబెట్టి ఇవ్వండి. కొర్రన్నం కూడా బాగుంటుంది, కొలత మాత్రం అన్నానికి ఎంతో దానికీ అంతే. ఉగ్గాని మీద ఆశ పోదు, పోనక్కర్లేదు కూడా. బొరుగులు షుగర్‌ను గబుక్కున పెంచుతాయి కాబట్టి నెలకు ఎప్పుడో ఒకసారి, చిన్న ప్లేటు, మీద పుట్నాల పొడి కాస్త ఎక్కువగా, బజ్జి ఒక్కటి. సాయంత్రం ఆకలికి బిస్కెట్లు కాకుండా గుప్పెడు ఉడికించిన చెనక్కాయలు ఇవ్వండి. అనంతపురం జిల్లాలో ఉండి చెనక్కాయలు కొనుక్కోలేమనడానికి లేదు.

బంగినపల్లి మామిడి కాలంలో గొడవలు మొదలవుతాయి. పూర్తిగా మానిపించాలని చూస్తే పెద్దాళ్లు దొంగచాటుగా తింటారు, అప్పుడు ఎంత తిన్నారో మనకు తెలియదు. రెండు మూడు ముక్కలు, భోజనం మీద కాకుండా పొద్దున పదకొండు గంటలప్పుడు, మన ముందే తిననివ్వండి. ఆ రోజు మధ్యాహ్నం ముద్ద కొంచెం తగ్గించండి. ఓళిగలకూ ఇదే సూత్రం.

ఎక్కువ ఇళ్లలో లోటు తీపి దగ్గర కాదు, మాంసకృత్తుల దగ్గర. అన్నం తగ్గించమన్నారని తగ్గించి, దాని బదులు ఏమీ పెట్టకపోతే ముసలిప్రాణం కండ కరిగి నీరసించిపోతుంది, నడక తూలుతుంది. రోజూ ఒక గుడ్డు, గట్టి పప్పు, అలసందలో పెసలో ఏదో ఒక గుగ్గిళ్లు, పెరుగు ఉండేలా చూడండి. కిడ్నీ సమస్య ఉందని డాక్టరు చెప్పి ఉంటే మాత్రం ఎంతో ఆయన్నే అడగండి. మనిషి ఆరు నెలల్లో బాగా చిక్కిపోతుంటే "షుగర్ కంట్రోల్‌లో ఉంది" అని మురవొద్దు.

తిన్న వెంటనే మంచం ఎక్కకుండా వీధి చివరిదాకా పది పదిహేను నిమిషాలు నడిస్తే తిన్నాక ఎక్కే షుగర్ తగ్గుతుంది. "నడువు" అంటే నడవరు. "రా, పాలు తెద్దాం" అంటే వస్తారు.

మిషన్‌తో పరీక్ష

చేతులు సబ్బుతో కడిగి తుడుచుకున్నాకే వేలు పొడవాలి. మామిడిపండు ముట్టుకున్న వేలితో చూస్తే లేని షుగర్ చూపిస్తుంది. వేలి మధ్యలో కాకుండా పక్కన పొడిస్తే నొప్పి తక్కువ. స్ట్రిప్పుల డబ్బా మూత బిగించి, పొయ్యికీ ఎండకీ దూరంగా పెట్టండి. పరగడుపున ఒకటి, తినడం మొదలుపెట్టిన రెండు గంటలకు ఒకటి, వారంలో ఎన్నిసార్లన్నది వాడే మందును బట్టి ఉంటుంది. గోడ క్యాలెండర్‌లో ఆ తేదీ గడిలోనే అంకె రాస్తే వేరే పుస్తకం అక్కర్లేదు. డాక్టరు దగ్గరికి పోయేటప్పుడు ఆ పేజీ ఫొటో తీసుకుపోవచ్చు.

కాళ్లు రోజూ చూడండి

షుగర్ చాలా ఏళ్లుగా ఉన్నవాళ్లకు పాదాల్లో స్పర్శ తగ్గుతుంది. ముల్లు గుచ్చుకున్నా, చెప్పు కరిచినా తెలియదు. పుండు పెద్దదై వాసన వచ్చేదాకా ఎవరూ చూడరు. వేలు తీసేశారు, పాదం తీసేశారు అని వినే కథలు ఎక్కువగా ఇక్కడినుంచే మొదలవుతాయి.

రాత్రి పడుకునేముందు మంచి వెలుతురులో పాదం కింద, మడమల పగుళ్లలో, వేళ్ల సందుల్లో చూడాలి. వాళ్లు వంగలేరు, కన్ను సరిగా ఆనదు, కాబట్టి ఇది మన పని. "కాళ్లు పట్టనా అమ్మా" అని కూర్చుంటే చూడటమూ అయిపోతుంది, ఆ కాసేపు మాట్లాడుకోవడమూ అవుతుంది. పగుళ్లకు కొబ్బరినూనె రాయండి, వేళ్ల మధ్య మాత్రం వద్దు, తేమ నిలిచి ఒరుసుకుంటుంది. గోళ్లు నేరుగా కత్తిరించండి. ఆనెలను బ్లేడుతో కోయడం, తిమ్మిరికి వేడినీళ్లలో కాళ్లు పెట్టడం, కాపడం పెట్టడం ఇవేవీ వద్దు. నీళ్లు ఎంత వేడిగా ఉన్నాయో ఆ కాళ్లకు తెలియదు, బొబ్బలెక్కాకే మనకు తెలుస్తుంది.

చెప్పుల్లేకుండా ఇంట్లో కూడా తిరగొద్దు. మెత్తని రబ్బరుతో చేసే ఎంసీఆర్ చెప్పులని అడిగితే ఇస్తారు, వెనక పట్టీ ఉన్నవి తీసుకోండి. అసలు చిక్కు గుళ్ల దగ్గర వస్తుంది. మహానందిలోనో యాగంటిలోనో ఏప్రిల్ మధ్యాహ్నం బండల మీద నడిస్తే మనమే గెంతుతాం. స్పర్శ లేని కాళ్లు గెంతవు, కాలిపోతాయి. దర్శనానికి తెల్లవారుజామునే తీసుకుపోండి, మందపాటి బట్ట సాక్సు తొడిగించండి, తిరిగి రాగానే పాదాలు చూడండి. ఉగాదికి శ్రీశైలం నడిచి పోతామని పట్టుబట్టే పెద్దాళ్లుంటే, అడవి దారి నడక వద్దని బస్సు టికెట్ మీరే తీసివ్వండి.

పుండు ఎంత చిన్నదైనా, నొప్పి లేకపోయినా, ఒకటి రెండు రోజుల్లో మానే దారిలో పడకపోతే ఆసుపత్రికే. ఎర్రగా వాచినా, చీము కనబడినా ఆ రోజే. పసుపు, సున్నం, ఆకు పసరు పూసి వారం చూద్దాం అనుకోవద్దు.

ఎండాకాలం, ఇన్సులిన్

కర్నూలు, కడపల్లో ఎండలు నలభై దాటడం మనకు కొత్త కాదు. తెరవని ఇన్సులిన్ ఫ్రిజ్‌లో, తలుపు అరలో ఉండాలి. పైన గడ్డకట్టే అరలో పెడితే చెడిపోతుంది. తెరిచిన సీసాకు చాలా రకాల్లో నాలుగు వారాలే గడువు, మొదలుపెట్టిన తేదీ సీసా మీద రాయండి. ఫ్రిజ్ లేకపోయినా కరెంటు పోతున్నా, పెద్ద మట్టికుండలో తడి ఇసుక పోసి మధ్యలో చిన్న మట్టికుండ పెట్టి, సీసాను ప్లాస్టిక్ డబ్బాలో వేసి అందులో ఉంచి మూత వేయండి. నీడలో పెట్టి ఇసుక తడి ఆరకుండా చూస్తే బయటి వేడి కంటే బాగా చల్లగా ఉంటుంది. బస్సులో పైన సామాన్ల దగ్గరా, ఎండలో ఆపిన కారులోనూ వదలొద్దు.

సిరంజి విషయంలో పొరపాటు అసలు కుదరదు. సీసా మీద 40 అని ఉంటే ఎర్రమూత సిరంజి, 100 అని ఉంటే నారింజ మూత సిరంజి. 100 ఇన్సులిన్‌ను ఎర్రమూత సిరంజితో తీస్తే రెండున్నర రెట్లు మందు లోపలికి పోతుంది. షాపులో కొన్న ప్రతిసారీ రెండూ పక్కపక్కన పెట్టి చూసుకోండి. వాడిన సూదులు గట్టి ప్లాస్టిక్ సీసాలో వేయండి, చెత్త ఎత్తే మనిషి చేతికి గుచ్చుకోకుండా.

రాత్రి లేవాల్సి వస్తుందని పెద్దాళ్లు సాయంత్రం నుంచే నీళ్లు మానేస్తారు. ఎండాకాలంలో అది ప్రమాదం. పగలంతా పలుచటి మజ్జిగ, నీళ్లు కొంచెం కొంచెంగా తాగించండి, బాత్రూం దారిలో చిన్న లైటు వెలిగించి ఉంచండి. వాంతులు, విరేచనాలు పట్టుకుంటే ఇంకా జాగ్రత్త. తినడం లేదని ఇన్సులిన్ పూర్తిగా ఆపొద్దు, అలాగని అన్ని మాత్రలూ మామూలుగా వేయొద్దు. ఒంట్లో నీళ్లు తగ్గినప్పుడు మెట్‌ఫార్మిన్, ఇంకొన్ని మాత్రలు కొన్నాళ్లు ఆపాల్సి రావచ్చు. ఆ రోజే డాక్టరుకు ఫోన్ చేసి ఏది ఆపాలో ఏది వేయాలో అడగండి.

ఒక్కపొద్దులు, రోజాలు

శనివారం ఒక్కపొద్దు మానమంటే అమ్మ వినదు. దేవుడి మీద వాదన పెట్టుకోకుండా మాత్రల మీద మాట్లాడండి. ఒక్కపొద్దు రోజు దించే మందు ఎలా వేయాలో డాక్టరుతో ముందే రాయించుకుంటే సగం గొడవ పోతుంది. రంజాన్‌కు రెండు నెలల ముందే ఇదే పని చేయాలి. ఇన్సులిన్ వాడే, బలహీనంగా ఉన్న పెద్దాళ్లకు రోజా ప్రమాదమనే డాక్టర్లు చెబుతారు. జబ్బుపడినవాళ్లకు మతమే మినహాయింపు ఇచ్చింది కాబట్టి ఇమామ్ సాబ్ నోటితో ఆ మాట చెప్పిస్తే అబ్బాజాన్ వింటారు. ఎవరు ఉన్నా, షుగర్ 70 కంటే తగ్గినా 300 దాటినా ఆ రోజుకు రోజా విప్పేయాల్సిందే. వేలు పొడిచి పరీక్ష చేసుకుంటే రోజా పోదని ఉలేమాలు, అంటే మత పండితులు, ఎక్కువమంది చెబుతారు.

ఆసుపత్రి రోజు

కర్నూలు పెద్దాసుపత్రి అయినా, కడప రిమ్స్ అయినా, అనంతపురం పెద్దాసుపత్రి అయినా ఓపీ దగ్గర సేపు పడుతుంది. పరగడుపు రక్తం ఇచ్చేదాకా షుగర్ మాత్ర వేయొద్దు, ఇన్సులిన్ సంగతి ముందురోజే అడిగి పెట్టుకోండి. ఇచ్చిన వెంటనే కట్టుకుపోయిన టిఫిన్ తినిపించి మాత్ర వేయించండి. ఖాళీ కడుపుతో మాత్ర మింగి క్యూలో కళ్లు తిరిగి పడిపోయేవాళ్లు అక్కడి నర్సులకు మామూలే.

మూడు నెలలకోసారి హెచ్‌బీఏ1సీ సరే. ఏడాదికోసారి కంటి వెనక రెటీనా పరీక్ష, కిడ్నీకి క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్, పాదాల స్పర్శ పరీక్ష తప్పనిసరి. చూపు బాగానే ఉందని కంటి పరీక్ష మానొద్దు, రెటీనా చాలావరకు పాడయ్యేదాకా చూపు బాగానే ఉంటుంది. ఏళ్లతరబడి మెట్‌ఫార్మిన్ వాడుతూ కాళ్ల తిమ్మిర్లు అంటుంటే బీ12 విటమిన్ ఎంతుందో కూడా చూడమనండి.

రోజువారీ మాత్రల ఖర్చు భారమైతే ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో షుగర్, బీపీ మందులు ఉచితంగా ఇస్తారు. జన్ ఔషధి దుకాణాల్లో అవే మందులు బాగా తక్కువ ధరకు దొరుకుతాయి. ఆసుపత్రిలో చేరాల్సి వస్తే ఎన్టీఆర్ వైద్య సేవ ఉంది. 70 ఏళ్లు దాటినవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా ఏడాదికి 5 లక్షల రూపాయల దాకా చికిత్సకు ఆయుష్మాన్ వయ వందన కార్డును కేంద్రం 2024 అక్టోబరులో మొదలుపెట్టింది. వయసు ఆధార్ ప్రకారమే చూస్తారు. మన పెద్దాళ్ల ఆధార్‌లలో పుట్టిన సంవత్సరం అంచనాగా వేసిందే ఎక్కువ, తప్పుంటే అవసరం రాకముందే సరిచేయించండి.

దూరంగా ఉంటే

ఫోన్లో "తిన్నావా?" అంటే "తిన్నా" అనే జవాబే వస్తుంది. "ఏం కూర చేసినావు?" అని అడగండి, నిజం బయటపడుతుంది. "షుగర్ ఎంతుంది?" అని మొదటి మాటే అడిగితే కొన్నాళ్లకు ఫోన్ ఎత్తడమే మానేస్తారు. అంకె ఎక్కువుందని తిడితే ఈసారి తక్కువ అంకె చెబుతారు, అంతే.

అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లూ ఉంటే పని విడగొట్టుకోండి. ఒకరు స్ట్రిప్పులూ మాత్రలూ కొని పంపాలి, ఒకరు ఆసుపత్రికి తీసుకుపోవాలి, ఒకరు రోజూ ఫోన్ చేయాలి. లేదంటే అంతా దగ్గరున్న కోడలి నెత్తినే పడుతుంది, మాటలు కూడా ఆమే పడుతుంది. పక్కింటివాళ్లలో ఒకరికి ఇంటి తాళంచెవి ఇచ్చి, గ్లూకోజ్ పొట్లం ఎక్కడుందో చూపించండి. మందుల పేర్లు, ఏవి పడవు, డాక్టరు నంబరు, మీ నంబరు, 108 పెద్ద అక్షరాలతో తెలుగులో రాసి బీరువా తలుపు మీద అంటించండి. మందు మారినప్పుడల్లా ఆ కాగితం కూడా మార్చాలి, పాతది చింపేయాలి.